లక్కమ్మ కొలత: శ్రీశైల వనయాత్రకు ఒక పాఠము

కల్యాణ పట్టణమున బసవేశ్వరుల కాలమందు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను శరణ దంపతులుండిరి. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యమును వండి జంగములకు దాసోహము చేసి, మిగిలినదానిని ప్రసాదముగా స్వీకరించుట ఆ దంపతుల నిత్యవ్రతము. ఒకనాడు మారయ్య ప్రతిదినము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆనాటి అవసరమునకు మించినది తమది కాదనియు, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే పోసి రమ్మనియు భర్తకు చెప్పెను. మారయ్య అట్లే చేసెను. ఈ కథ వీరశైవ గృహములలో పిల్లలకు సైతము తెలిసినదే.

ఈ కథలో రెండు కొలతలు కలవు. అవసరమైనంతయే తీసికొనుట మొదటిది. మిగిలినదానిని దాని చోటునకు చేర్చుట రెండవది. వంటయింటికి వర్తించు ఈ రెండు కొలతలు అడవికి వర్తింపవా? తీర్థయాత్రకు పోవు భక్తుడు అడవిలో ఎట్లు మెలగవలెనని పెద్దగా శాస్త్రములు వెదకనక్కరలేదు. లక్కమ్మ చెప్పిన మాట చాలును. ఆ మాటను శ్రీశైల యాత్రకు అన్వయించి చూచుటయే ఈ పాఠము.

ప్రయాణపు మూట

హైదరాబాదు నగరమున నాంపల్లి రైలుస్టేషనుకు దగ్గరగా కాపురమున్న ఒక కుటుంబమును ఊహింపుడు. శివరాత్రి నాలుగు దినములలోనికి వచ్చినది. తెల్లవారక ముందే వాహనమున బయలుదేరి మధ్యాహ్నమునకు శ్రీశైలము చేరవలెనని నిశ్చయించుకొనిరి. ముందునాటి సాయంకాలము ఆబిడ్స్ దుకాణములకు పోయి కావలసినవి కొని తెచ్చిరి. ఇరువది నీటి సీసాలు, కాగితపు పళ్లెములు, వాడి పారవేయు గ్లాసులు, రంగురంగుల పొట్లములలోని చిరుతిండ్లు, పూజాద్రవ్యములు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పలుచని సంచి. మూటలన్నియు ముందు గదిలో పేర్చిరి. ఇంటి పెద్దావిడ వానిని చూచి, అటకమీది స్టీలు పళ్లెములను, ఇత్తడి చెంబులను దింపుమని మనుమనికి చెప్పెను.

"దారిలో పారేసేవైతే సుఖం కదా అవ్వా! ఈ గిన్నెలన్నీ మోసుకొని పోవడమెందుకు?" అని మనుమడు విసుగుకొనెను.

"మనకు బరువని అడవి మీద పడేస్తే, అడవి ఎవరి మీద పడేయాలి నాయనా?" అని ఆమె అడిగెను.

ఆ ప్రశ్నకు ఆ బాలునివద్ద సమాధానము లేకపోయెను. ఆలోచింపగా ఏ యాత్రికునివద్దను లేదు.

క్షేత్రము ఎచ్చట మొదలగును?

శ్రీశైలమునకు నాలుగు దిక్కులయందు నాలుగు ద్వారములు కలవని సంప్రదాయము. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. హైదరాబాదునుండి పోవువారికి దగ్గరైనది ఉత్తరద్వారము. అది అచ్చంపేట సమీపమున నల్లమల కొండల అంచున ఉన్నది. పూర్వులు ద్వారమును కొండ శిఖరమున కాక, అంత దూరమున, అడవి మొదలగుచోట నిలుపుటలో ఒక భావము కలదు. ద్వారము దాటినవాడు ఆలయ ప్రాకారములో ప్రవేశించినట్లే. ఆ ప్రాకారము రాతిగోడ కాదు, నల్లమల అడవియే.

పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రలో ఒక ప్రకరణమునంతటిని పర్వతమునకే కేటాయించెను. శ్రీశైలమును మల్లికార్జునుని గర్భగుడిగా మాత్రమే కాక, కొండ, వనము, తీర్థము, యాత్రికజనము కలిసిన ఒక లోకముగా చూచుట మన సాహిత్యమునకు ఆనాటినుండియే అలవాటు. నేటి యాత్రికుడు మాత్రము నగరమునకు, గుడికి నడుమ గల సుమారు 210 కిలోమీటర్ల దూరమును గడపవలసిన కాలముగా మాత్రమే లెక్కించుచున్నాడు. తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి మన్ననూరు తనిఖీ కేంద్రమువద్ద వాహనము ఆగినప్పుడు, ఇక రెండు గంటలలో దర్శనమని అనుకొనును. ఆ క్షణముననే తాను దేవుని ముంగిట నిలిచితినని అనుకొనడు.

లోకదృష్టితో చూచినను ఈ అడవి సామాన్యమైనది కాదు. నాగార్జునసాగర్ శ్రీశైలము అభయారణ్యము 1978లో ఏర్పడినది. 1983లో అది పులుల సంరక్షణ పథకము క్రిందకు వచ్చినది. 2014లో రాష్ట్రవిభజన జరిగిన పిమ్మట కృష్ణకు ఉత్తరమున తెలంగాణకు చెందిన భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. దాని విస్తీర్ణము సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, ఎలుగుబంటి, కణుజు, చుక్కల దుప్పి, మనుబోతు ఇందు సంచరించును. శ్రీశైలమునకు పోవు రహదారి వీని నివాసమును చీల్చుకొని పోవుచున్నది. ఇతరుల ఇంటి నడవలోనుండి పోవువాడు ఎంత మర్యాదగా నడువవలెనో, ఈ దారిని పోవు యాత్రికుడు అంత మర్యాదగా పోవలెను.

పండుగల ఋతువు, ఎండుటాకుల ఋతువు

నల్లమల ఆకురాల్చు అడవి. మాఘ ఫాల్గుణములలో చెట్లు ఆకురాల్చును. చైత్ర వైశాఖములకు నేలంతయు ఎండుటాకుల పరుపగును. వాగులు ఎండిపోవును. మృగములు మిగిలిన కొద్ది నీటిచెలమల చుట్టు చేరును. అడవికి సంవత్సరములో అత్యంత కష్టకాలమిది.

యాత్రికులు అధికముగా వచ్చు కాలమును ఇదియే. మహాశివరాత్రి మాఘమున, ఉగాది చైత్రారంభమున, సలేశ్వరము జాతర చైత్ర పూర్ణిమకు వచ్చును. ఉగాదికి కన్నడ దేశమునుండియు, మహారాష్ట్రమునుండియు వీరశైవ భక్తులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి, పసుపు కుంకుమలతో కాలినడకన నల్లమల దాటి వత్తురు. సలేశ్వరమున లోతైన లోయలో, జలధార చెంత వెలసిన లింగమయ్యను చూచుటకు కొలది దినములు మాత్రమే అనుమతి యుండుటచేత, జనమంతయు ఒక్కసారిగా ఇరుకుదారిలో దిగును. అడవి మిక్కిలి బలహీనమై యున్న వేళ మన బలగము మిక్కిలి పెద్దదై వచ్చుచున్నదని దీనివలన గ్రహింపవలెను. పండుగ తిథులను మార్చలేము. మన నడవడిని మార్చుకొనగలము.

ఈ ఋతువున నిప్పును గురించి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన దేశమున అడవులలో పుట్టు మంటలలో అధికభాగము మనుష్యుల వలన కలిగినవే. ఆర్పక విసరిన బీడీ ముక్క, మూడురాళ్ల పొయ్యిలో మిగిలిన నిప్పుకణిక, చెట్టు మొదట వెలిగించి విడిచిపోయిన కర్పూరము చాలును. ఆకురాల్చు అడవిలో మంట తరచుగా చెట్టెక్కదు, నేలబారున ప్రాకును. దూరమునుండి చూచువానికి అది చిన్న మంటగనే కనిపించును. కాని అది నేలపై గూడు కట్టు పక్షుల గ్రుడ్లను, తాబేళ్లను, అప్పుడే మొలచిన మొక్కలను కాల్చివేయును. పెద్ద చెట్లు నిలిచియుండగనే వాని సంతానము నశించును. అట్టి మంటలు ఏటేట వచ్చిన అడవి లోలోపల సంతులేని ముసలి ఇల్లగును.

ఇష్టలింగమును కరపీఠమున నుంచుకొని అర్చించు భక్తునకు చెట్టు మొదట దీపము పెట్టవలసిన పనియే లేదు. విభూతి, రుద్రాక్ష, మంత్రము, అరచేతిలో లింగము ఉన్నచాలును. బసవేశ్వరుల మార్గమున పూజకు ఏ నిప్పును, ఏ పొగయు అక్కరలేకుండుట ఈ అడవికి గొప్ప మేలు. ఆ మేలును లింగధారులే వదలుకొనుట తగదు.

ప్రసాదము

అష్టావరణములలో ప్రసాదము ఒకటి. ప్రసాదమును వ్యర్థము చేయుట దోషమని ప్రతి వీరశైవ బాలునకు తల్లి నేర్పును. కాని ఇంట మెతుకు విడువని చేయి వాహనపు కిటికీలోనుండి సగము తిన్న పొట్లమును విసరుచున్నది.

దారిప్రక్కన కోతులు బారులుతీరి కూర్చుండుట యాత్రికులందరు చూచినదే. వానికి అరటిపండ్లు, బిస్కత్తులు విసరుట పుణ్యమని పలువురు తలంతురు. దాని ఫలితమేమి? అడవిలో పండ్లు, చిగుళ్లు వెదకి తినవలసిన కోతి దారిమీదనే పిల్లలను పెంచును. గింజలను అడవియంతట చల్లవలసిన జీవి బిచ్చగానివలె రోడ్డుకు కట్టుబడును. వేగముగా వచ్చు వాహనముల క్రింద పడి చచ్చును. తిండి దొరకనినాడు మనుష్యులపై పడి మూటలు లాగును. మనము పెట్టినది అన్నము కాదు, అలవాటు. జీవకారుణ్యమనగా జీవికి దాని బ్రతుకును దానికి విడుచుట.

పొట్లము సంగతి మరింత ఘోరము. ఉప్పు, నూనె వాసనగల ప్లాస్టిక్కు కాగితమును దుప్పి, కణుజు, పశువు నాకి మ్రింగును. నెమరువేయు జంతువుల కడుపులో అది జీర్ణము కాదు, బయటకును పోదు. ముద్దకట్టి కడుపు నిండినట్లుండగా, ఆ జంతువు ఆకలిచేతనే చచ్చును. ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగు కొన్ని ఒకసారి వాడి పారవేయు వస్తువులు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడినవి. చట్టము చెప్పకముందే ప్రసాదమును గౌరవించు మతము ఈ మాట చెప్పవలసియుండెను.

దీనికి మన పెద్దల మార్గము మనకు తెలిసినదే. ఇంటినుండి పోవునపుడు స్టీలు పళ్లెములు, నీళ్లకు పెద్ద డబ్బా, త్రాగుటకు చెంబు. నలుగురికి వండుకొని పోవునపుడు పులిహోర, జొన్నరొట్టె, పెరుగన్నము గుడ్డలో మూటగట్టిన గిన్నెలలో. విస్తరి కావలెనన్నచో మోదుగాకు విస్తరి. పైకి ఆకువలె కనిపించుచు లోపల ప్లాస్టిక్కు పొర గల పళ్లెములు అంగళ్లలో నేడు హెచ్చుగా ఉన్నవి గనుక చేతితో తడవి చూచి కొనవలెను. ఆకు విస్తరియైనను, అరటితొక్కయైనను అడవిలో పారవేయరాదు. అది కుళ్లిపోవుననుట నిజమే. కాని కుళ్లులోపల దాని వాసనకు జంతువులు రోడ్డుకు వచ్చును. కనుక తొక్కయు సంచిలోనికే.

పాదోదకము

కృష్ణానదికి వీరశైవులతో గల సంబంధము ఇంతింత కాదు. కృష్ణ, మలప్రభ కలియుచోట కూడలసంగమము వెలసినది. బసవేశ్వరులు విద్యాభ్యాసము చేసినదియు, తుదకు ఐక్యమైనదియు అచ్చటనే. ఆ నీరే తెలుగునేలకు వచ్చి శ్రీశైలము పాదమున పాతాళగంగయై పారుచున్నది. శరణుల పాదములు సోకిన జలమును పాదోదకముగా శిరసున చల్లుకొను భక్తునకు ఇంతకంటె పవిత్రమైన నీరేది?

అట్టి నీటిలో సబ్బు రుద్దుకొనుచున్నాము. తలకు రాచుకొను ద్రవముల చిన్న పొట్లములను మెట్లపై విడుచుచున్నాము. స్నానమైన పిమ్మట కట్టు బట్టలను నీటిలో వదలుట ఆచారమని ఎవరో చెప్పగా విని, చీరలను, పంచెలను ప్రవాహమున విడుచుచున్నాము. అవి చేపల వలలకు చుట్టుకొనును, తీరపు రాళ్లకు చిక్కి కుళ్లును. పూలను సంచితో సహా గంగకు అర్పించుచున్నాము.

ఇచ్చట నాంపల్లి, ఆబిడ్స్ వాసులు ప్రత్యేకముగా ఆలోచింపదగిన విషయమొకటి కలదు. శ్రీశైలము ఆనకట్ట దాటిన కృష్ణ నేరుగా నాగార్జునసాగరమున చేరును. ఆ సాగరమునుండి 2004 మొదలుకొని హైదరాబాదు నగరమునకు నూరు కిలోమీటర్లకు పైగా దూరమునుండి కృష్ణాజలమును తోడి తెచ్చుచున్నారు. శుద్ధి చేసిన పిమ్మటనే ఆ నీరు ఇండ్లకు వచ్చుననుట నిజము. అయినను శ్రీశైలమున మనము నదిలో విడిచినదానికి వీపు త్రిప్పి ఇంటికి వచ్చితిమని అనుకొనుట భ్రమ. నది మనకంటె నెమ్మదిగా, మన వెనుకనే, మన నగరమునకే వచ్చుచున్నది.

కావున పాతాళగంగలో మునుగుట, ఆచమించుట, నమస్కరించుట చాలును. సబ్బు స్నానము బసలో చేసికొని నదికి దిగవలెను. తడిబట్టలు పిండుకొని ఇంటికి తెచ్చుకొనవలెను. పాతాళగంగనుండి పడవపై అక్కమహాదేవి గుహలకు పోవువారు అచ్చటి రాతిపై తమ పేర్లు గీయరాదు. గుహలో కేకలు వేయరాదు. సర్వమును త్యజించి వచ్చిన అక్క తపస్సు చేసినదని చెప్పు చోట తన పేరును విడిచివచ్చుట ఎంత అసంబద్ధమో చెప్పనక్కరలేదు.

జంగమము

జంగమమనగా చరించునది అని పదార్థము. శివజ్ఞానియై లోకమున చరించు మహాత్ముడని సంప్రదాయార్థము. చరించు ప్రాణియందు శివుని చూచు చూపును ఆ మాట మనకు నేర్పుచున్నది. నల్లమలలో చరించువారు ఎవరు?

మొదటివారు చెంచులు. వారు ఈ అడవికి అతిథులు కారు, ఇంటివారు. అప్పాపూర్ మొదలగు పెంటలలో తరతరములుగా నివసించుచున్నారు. మల్లికార్జునుని చెంచు మల్లయ్యగా, తమ ఇంటి అల్లునిగా భావింతురు. సలేశ్వరమున లింగమయ్యకు పూజ చేయువారును వారే. హైమెండార్ఫ్ అను పండితుడు వారి జీవనమును పరిశీలించి 1943లో ఒక గ్రంథమును ప్రకటించెను. నాటి తిండిని నాడే అడవినుండి సేకరించుకొని, నిలువచేయుట యెరుగక బ్రతికిన జాతిగా ఆయన వారిని చూచెను. లక్కమ్మ కొలతను ఏ ఉపదేశము లేకయే పాటించినవారు వీరు. అట్టివారి పెంటలలోనికి అడుగక ప్రవేశించుట, పిల్లలకు బిస్కత్తులు విసరుట, అనుమతిలేక ఛాయాచిత్రములు తీయుట శరణధర్మము కాదు. పడవనడుపు చౌడయ్యను, తోలుపని చేయు కక్కయ్యను సరిసమానముగా కూర్చుండబెట్టిన అనుభవమంటపము మనది. చెంచులు సేకరించిన తేనెను గిరిజన సహకార సంస్థ అంగడిలో వెలయిచ్చి కొనుట గౌరవమగును. వారి వాకిట నాణెములు విసరుట కాదు.

రెండవవారు మృగములు. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు మన్ననూరు, దోమలపెంట నడుమ వాహనములను అడవిదారిలో విడువరు. పులియు, తక్కిన మృగములు ఎక్కువగా సంచరించునది రాత్రియే. పగలు దారి మనది, రాత్రి వానిది అని చేసికొన్న ఒడంబడిక ఇది. తనిఖీ కేంద్రమువద్ద ఆలస్యమైనవారు ఉద్యోగితో వాదించి, పలుకుబడి చూపి లోనికి పోవుటకు ప్రయత్నించుట కలదు. దేవుని దర్శనమునకు పోవుచున్నామని వారు చెప్పుదురు. ఆ వేళ దర్శనమునకు వచ్చినవి వేరే కలవని వారు మరచిరి. నగరమునుండి తెల్లవారుజామున బయలుదేరినచో ఈ చిక్కు లేనేలేదు. పగటివేళయందును వేగము తగ్గించి, అవసరములేనిదే హారను మ్రోగింపక, పాటల పెట్టెలను ఆపి పోవలెను. ఫర్హాబాదు దృశ్యస్థలమువద్ద గాని, మల్లెలతీర్థపు మెట్లవద్ద గాని ఒక అరగంట మౌనముగా కూర్చున్నవానికి అడవి తానే మాటాడును.

రెండు ఆక్షేపములు

లక్షలమంది పోవుచోట ఒక్క కుటుంబము జాగ్రత్తపడినందువలన ఏమి ప్రయోజనమని కొందరు అడుగుదురు. కల్యాణమున మహామంత్రి ఇంట బియ్యమునకు కొరతయా? పిడికెడు బియ్యము ఎక్కువ తెచ్చినంతమాత్రమున బసవేశ్వరుల భాండాగారము తరిగిపోవునా? లక్కమ్మకు ఆ లెక్క తెలియును. అయినను తిరిగి పోసి రమ్మనెను. ఇతరులు ఎంత తీసికొనిరో చూచి తన కొలతను నిర్ణయించుకొనువాడు శరణుడు కాడు. పైగా చెత్తకుప్ప ఏదియు లక్షమంది కలిసి ఒక్కసారి పోసినది కాదు. మొదటి సీసా పడినచోటనే రెండవది పడును. ఒకడు ఎత్తినచోట మరియొకడు పడవేయుటకు జంకును.

రెండవ ఆక్షేపము కొంచెము కఠినమైనది. పాదయాత్రికులు వెంకటాపురము, నాగలూటి, పెచ్చెర్వు, భీమునికొలను, కైలాసద్వారము మీదుగా కొండలు దాటి వచ్చునపుడు దాతలు దారిపొడవున నీరు, అన్నము పెట్టుదురు. మండుటెండలో బొబ్బలెక్కిన కాళ్లతో నడచు వృద్ధులకు ఆ అన్నము ప్రాణదానము. అట్టి పుణ్యకార్యమును చెత్తపేరుతో తప్పుపట్టుట న్యాయమా? న్యాయము కాదు. దాసోహమును ఎవరును తప్పుపట్టరాదు. అయితే దాసోహము వడ్డనతో ముగియునా, విస్తరి తీయుటతో ముగియునా అని మాత్రము విచారింపవలెను. ఇంటికి వచ్చిన జంగమునకు వడ్డించి, ఎంగిలి విస్తరిని అతని యెదుటనే విడిచి పోవు గృహస్థు ఉండునా? అడవిలో వడ్డించినవాడు అడవి ముంగిలి ఊడ్చిననాడే అతని దాసోహము పూర్తియైనట్లు.

మఠములు చేయదగిన పని

కుటుంబము చేయగలిగినది కొంత. మఠము చెప్పిన మాటకు బలము వేరు. యాత్రకు వాహనములను ఏర్పరచు మఠములు ప్రతి వాహనమునకు స్టీలు పళ్లెములను, గ్లాసులను, నీటి డబ్బాలను సమకూర్చవచ్చును. బయలుదేరునపుడు ఆశీర్వచనముతో పాటు ఒక గుడ్డసంచిని ఇచ్చి, తిరిగివచ్చినపుడు చెత్తతో నిండిన ఆ సంచిని అప్పగింపుమని అడుగవచ్చును. దాసోహ శిబిరములను నీటిచెలమలకు దూరముగా నెలకొల్పి, వండివార్చిన ఆహారమును బయటి ఊరినుండియే తెచ్చి, అడవిలో పొయ్యి పెట్టకుండ చూడవచ్చును. వడ్డించువారు ఎందరో, ఏరువారును అందరుండునట్లు పనులు పంచవచ్చును. గట్టిగా మ్రోగు యంత్రములకు బదులు భజన చేయించవచ్చును. అటవీశాఖ దినములను, దారులను నియమించినపుడు భక్తుల హక్కులకు భంగమని కలత చెందక, ఆ నియమములను ముందుగా భక్తులకు వివరించవచ్చును. మనకు మనము హద్దు గీసికొననిచో ఇతరులు గీయుదురు. ఆ హద్దు ఒకనాడు ద్వారమును మూయునంతటిది కావచ్చును.

నాంపల్లి తోటలో అభ్యాసము

అడవిలో చూపవలసిన నడవడి అడవిలో మొదలుకాదు. నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌ను నిజాముల కాలమున బాగె ఆమ్ అనిరి. అనగా ప్రజల తోట. నేడు నాంపల్లిలో ప్రతి సంవత్సరము జనవరి 1 నుండి జరుగు నుమాయిష్ 1938లో తొలుత ఆ తోటలోనే మొదలైనది. నగరపు రద్దీ నడుమ పెద్ద చెట్ల నీడగల ఆ స్థలము మన పిల్లలకు తొలి అడవి కాగలదు.

ఒక ఆదివారము ఉదయము పిల్లలను అచ్చటికి తీసికొనిపోయి ఒక గంటసేపు కూర్చుండబెట్టవలెను. ఇంటినుండి తెచ్చిన ఫలహారమును తినిపించి, లేచునపుడు తాము కూర్చున్న చోటును చూపి, తాము వచ్చినట్లు గుర్తు ఏమైన మిగిలినదేమో వెదకుమని చెప్పవలెను. శనగపొట్టు కనిపించిన ఏరింపవలెను. పూవు కోసినచో ఎందుకు కోసితివని నెమ్మదిగా అడుగవలెను. ఒక్క గంటసేపు ఒక తోటలో గుర్తు మిగల్చక ఉండనేర్చిన బాలుడు రెండు దినములు నల్లమలలో ఉండగలడు. అది చేతకాని పెద్దవానికి ఏ తనిఖీ కేంద్రమును నేర్పజాలదు.

మొదట ఊహించిన కుటుంబము యాత్ర ముగించి నాంపల్లికి తిరిగి వచ్చిన రాత్రిని చూడుడు. మనుమడు చెత్తసంచిని విప్పి వేరుచేయుచున్నాడు. స్టీలు సామాను కొనిపోయినను సంచి సగము నిండియే యున్నది. తాము దారిలో కొన్నవి, బంధువులు ఇచ్చినవి, పూజాద్రవ్యముల పొట్లములు. అడవిలో ఒక్కటియు విడువలేదని అతనికి సంతోషము. "అన్నీ తెచ్చేశాం అవ్వా" అనెను. పెద్దావిడ సంచివైపు చూచి, "తెచ్చాం, మంచిదే. ఇవి రేపు మునిసిపాలిటీ బండెక్కి జవహర్‌నగర్ గుట్టకు పోతాయి. అక్కడా మనుషులున్నారు గదా నాయనా" అనెను.

ఆ మాటలో పాఠమంతయు ఉన్నది. అడవినుండి చెత్తను తిరిగి తెచ్చుట లక్కమ్మ చెప్పిన రెండవ కొలత. అది తప్పనిసరి. అయినను అది దిద్దుబాటు మాత్రమే. మారయ్య మొదటనే సరిపడ తెచ్చియున్నచో తిరిగి పోయవలసిన పనియే లేకుండెను. మరుసటి యాత్రకు ఆ కుటుంబము సంచి ఎంత చిన్నదైన అంత మేలని నేర్చుకొనినచో శివరాత్రి వ్రతము సఫలమైనట్లే.

మననమునకు

1. లక్కమ్మ చెప్పిన రెండు కొలతలలో మొదటిది ఎందుకు మేలైనది? నీ ఇంటి యాత్రామూటలో దేనిని తగ్గింపగలవు?

2. శివరాత్రి, ఉగాది, సలేశ్వరము జాతర వచ్చు ఋతువున అడవి స్థితి యెట్లుండును? ఇష్టలింగధారికి అచ్చట నిప్పు ఎందుకు అక్కరలేదు?

3. కూడలసంగమమునుండి నీ ఇంటి కుళాయివరకు కృష్ణ నడచు దారిని వరుసగా చెప్పుము. ఆ దారిలో నీవు నదికి చేసిన మేలేమి, కీడేమి?

4. మీ మఠము నడుపు దాసోహములో విస్తరి తీయు పని ఎవరిది? ఈ యేడు ఆ పనికి నీవు పేరిచ్చితివా?